‘అట్టిక్’ చీటీకి సాక్షి

ఆ ఉదయం ఉపసంపాదకుడు వేసుకున్న పథకం అరగంటలో ముగిసిపోయేది. ఎనిమిదిన్నరకల్లా అత్తగారింటికి చేరుకోవాలి. వెనక గది సీలింగుకున్న చెక్క మూత తీయించుకుని పైకెక్కాలి. అయిదు నిమిషాలు చుట్టూ చూసి, కిందికి దిగి, అత్తగారి చేత ఒక చీటీ వెనక సంతకం పెట్టించుకోవాలి. ఆ తర్వాత చేతులు కడుక్కుని, పదకొండు గంటలకు ప్రధాన సంపాదకురాలు వచ్చేదాకా ఏమీ ఎరగనట్టు ముందుగదిలో కూర్చోవాలి. ఇందులో చెడిపోవడానికి ఏముందని బస్సులో రెండుసార్లు వెతికి చూసుకున్నాడు. ఏమీ కనిపించలేదు. ధైర్యంగా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాడు.

అతను పనిచేసేది ఒక ఇంగ్లీషు–తెలుగు నిఘంటువు కార్యాలయంలో. అది అతనికి మూడో ఉద్యోగం. మొదటిది అతనికి నచ్చలేదు, రెండోదానికి అతను నచ్చలేదు. ఇది మాత్రం ప్రాణం పెట్టి చేస్తున్నాడు. ఒక మాట ఎక్కడ పుట్టింది, ఎన్ని దేశాలు తిరిగింది, దారిలో ఎవరి చేతుల్లో పడి ఏ అర్థం పోగొట్టుకుంది, ఏ అర్థం మూటగట్టుకుంది అని వెతుకుతూ కూర్చుంటే అతనికి ఆకలి కూడా తెలిసేది కాదు. పొద్దున్నే లేచి ఆఫీసుకు వెళ్లాలనిపించడం అతని జీవితంలో అదే మొదటిసారి. రెండేళ్లుగా తాత్కాలికం మీదే నెట్టుకొస్తున్నాడు. పర్మనెంటు చేసే ఉత్తర్వు టైపై, ఆ వారమే ప్రధాన సంపాదకురాలి బల్ల మీదికి చేరింది. సంతకం ఒక్కటే తక్కువ.

ఆవిడ సంతకం పెట్టడం మాటలు కాదు. అరవై ఆరేళ్ల మనిషి, ఆఫీసులో అందరినీ నువ్వనే పిలుస్తుంది. ఆవిడ పెట్టిన నియమం ఒక్కటే: చూడనిది రాయకూడదు. ప్రతి మాటకీ ఒక చీటీ. చీటీ ముందువైపు మాట, దాని పుట్టుక, అర్థం. వెనకవైపు మూడు గళ్లు: చూసిన చోటు, చూసిన తేదీ, సాక్షి సంతకం. ఈ మూడూ నిండని చీటీ అచ్చుకి వెళ్లదు. తేనెటీగల పెంపకం గురించి రాసినవాడు మూతి వాచి వచ్చాడు. అంబులెన్సు చీటీ రాసినవాడు అందులో పడుకుని వెళితే ఆసుపత్రివాళ్లు రెండు రోజులు వదల్లేదు. లంగరు గురించి బొమ్మ చూసి రాసేసిన ఒకాయన కుర్చీ ఆ సాయంత్రానికే ఖాళీ అయింది. మంచుచరియలు విరిగిపడటాన్ని గురించిన చీటీ ఇప్పటికీ అందరి చేతులూ మారుతూ తిరుగుతూనే ఉంది.

ఉపసంపాదకుడికి వచ్చిన మాట ‘అట్టిక్’. దాని పుట్టుక వెతకడానికి పదకొండు రోజులు పట్టింది. ఆ పదకొండు రోజులూ అతను నేల మీద లేడు. అది మొదట్లో ఇంటి భాగమే కాదు, గ్రీకు దేశంలో ఒక ప్రాంతం పేరు. అక్కడి తరహాలో స్తంభాలు పెట్టడం గొప్పగా ఉందని వేరే దేశాలవాళ్లు తమ మేడల ముందు భాగాన, అన్నిటికన్నా పైన, పొట్టి స్తంభాల వరస ఒకటి కట్టుకుని దానికి ఆ ప్రాంతం పేరే పెట్టారు. తర్వాత స్తంభాలు పోయి గోడకి ఆ పేరు మిగిలింది. ఆ తర్వాత గోడ వెనకున్న గదికి వచ్చింది. చివరికి విరిగిన కుర్చీలు పడేసుకునే కప్పు కింది చోటుకి దిగింది. గ్రీకు దేశపు వైభవం పాత చాపల మధ్యకి చేరిన ఆ వైనం అతన్ని ఎంత ముంచేసిందంటే, అట్టిక్ అనేదాన్ని స్వయంగా చూడాలన్న సంగతే మరిచిపోయాడు. చీటీ ఇవ్వాల్సిన రోజున గుర్తొచ్చింది. అప్పుడతను ‘చూసిన చోటు: మా అత్తగారిల్లు’ అని రాసి, ఏదో ఒక తేదీ వేసి, ‘సాక్షి సంతకం తర్వాత’ అని గీత గీసి ఇచ్చేశాడు. అర్థం మాత్రం నదురూ బెదురూ లేకుండా రాశాడు: ‘పాత సామాను వేయు అటక, మనుషులు వాడరు.’

అత్తగారి వెనక గదిలో సీలింగుకి ఒక చెక్క మూత ఉండటం అతనికి తెలుసు. ఎప్పుడు వెళ్లినా అక్కడే మంచం వేసేవారు కనుక, తొమ్మిదేళ్లుగా పడుకుని దాన్నే చూస్తున్నాడు. దాని పైనేముందో మాత్రం ఎరగడు.

ముప్పు పక్క బల్ల మీంచి వచ్చింది. ఎల్ అక్షరం రాసే సహోద్యోగిని ‘లాఫ్ట్’ అన్న మాటకి కూడా ‘అటక’ అనే రాసింది. ప్రధాన సంపాదకురాలు రెండు చీటీలూ పక్కపక్కన పెట్టుకుంది.

"లాఫ్ట్ అంటే ఉత్తరాది పాత భాషలో గాలి, ఆకాశం. నీ అట్టిక్ గ్రీకు దేశం నుంచి వచ్చింది. ఇద్దరూ ఎక్కడెక్కణ్ణుంచో వచ్చి ఒకే అటక మీద కూర్చున్నారా" అని అడిగింది.

"అట్టిక్, అటక వినడానికి కూడా దగ్గరగా ఉన్నాయి కదా మేడమ్" అన్నాడు ఉపసంపాదకుడు.

"పోలిక చూసి చుట్టరికం కలిపితే సగం ఊరు నాకు బంధువులే. నువ్వు దాన్ని చూశావు కదా. రేపు పదకొండుకి నేను వస్తాను. చూపించు. సాక్షి సంతకం కూడా అక్కడే చూస్తాను."

అని చీటీ అతనికే తిరిగిచ్చేసింది. అందుకే ఈ బస్సు ప్రయాణం.

అత్తగారు ముందుగదిలో కుర్చీలో కూర్చుని కాళ్లు పీట మీద చాపుకుని ఉంది. ఆవిడ మోకాళ్ల నొప్పులు ఆ వీధిలో అందరికీ తెలిసినవే. వాటి మూలంగా ఆవిడ బజారుకి వెళ్లదు, బకెట్టు ఎత్తదు, పెరట్లో బట్టలు ఆరెయ్యదు. రోజూ రెండు నుంచి నాలుగు దాకా వెనక గది తలుపు గడియ వేసుకుని తైలం రాసుకుంటుంది. ఆ రెండు గంటలూ ఇల్లు మునిగినా ఆవిడ పలకదు, తైలం ఇంకాలి. కోడలు నెల తిరిగేసరికి కొత్త సీసా తెచ్చి పెడుతుంది.

"పైకా" అంది అత్తగారు, అల్లుడు చెప్పింది విని. "పైకెందుకు అల్లుడుగారూ."

"ఒక్కసారి చూడాలండి. ఆఫీసు పని."

"మా ఇంటి కప్పు మీద మీ ఆఫీసుకేం పని."

"ఒక మాటకి అర్థం రాయాలండి. అయిదు నిమిషాల్లో దిగిపోతాను అత్తయ్యగారూ."

తొమ్మిదేళ్లుగా అత్తగారు అల్లుడి ఉద్యోగం గురించి ఒక్క మంచి మాట అనలేదు. ఉన్న మాటలకే అర్థాలు రాస్తూ కూర్చునేవాడు ఇంటికి కొత్తగా ఏం తెస్తాడన్నది ఆవిడ అనుమానం. ఇప్పుడు అతని మొహం వంక, తర్వాత వెనక గది వంక చూసి గొంతు తగ్గించింది.

"పైన పాముంది."

ఆ మాట అల్లుడికి మాత్రమే వినిపించాల్సింది. కానీ వంటింట్లో గిన్నె కిందపడ్డ చప్పుడైంది. కోడలు తడి చేతులతో ఫోను పట్టుకుని వచ్చేసింది.

"పామేంటి అత్తయ్యా. ఎప్పట్నుంచి. నాకెవరూ చెప్పలేదే."

"నువ్వు కంగారు పడతావనే చెప్పలేదు" అంది అత్తగారు.

కోడలు అప్పటికే ఆఫీసులో ఉన్న మొగుడికి ఫోను చేసేసింది. బావమరిది కుర్చీలోంచి లేవకుండా ఫోను మీదే కాపురం కాపాడుకునే మనిషి. "ఎవరూ వెనక గదిలోకి వెళ్లద్దు, నేను పాములు పట్టే అతన్ని పంపిస్తున్నా" అన్న మాట ఇల్లంతా వినిపించింది.

ఉపసంపాదకుడు గడియారం చూశాడు. తొమ్మిదింబావు. "అత్తయ్యగారూ, పామున్నా ఫరవాలేదండి. మూత తీసి తల పెట్టి చూసినా చాలు నాకు."

పాముకి భయపడని అల్లుడిని అత్తగారు ఊహించలేదు. ఇంకొంచెం గట్టిది కావాలి.

"పామొక్కటే అయితే నేనెందుకు ఆపుతాను. దూలం పుచ్చిపోయింది. చెయ్యి పెడితే పిండి రాలుతుంది. మీరు కాలు పెట్టారంటే కప్పంతా కిందికొచ్చేస్తుంది."

"మీరెప్పుడు చూశారండి."

"చూడక్కర్లేదు. కింద పడుకుంటే వాసనొస్తుంది."

ఫోను ఇంకా కోడలి చేతిలోనే ఉంది. బావమరిది అంతా విన్నాడు. "ఎవరూ ఆ గది కింద నిలబడద్దు, మేస్త్రీని పంపిస్తున్నా" అన్నాడు. గది కింద ఎలా నిలబడతారని ఎవరూ అడగలేదు.

ఆ వీధిలో ఇళ్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పక్కింటి రిటైర్డ్ పోస్టుమాస్టరు కిటికీలోంచి దూలం సంగతి విన్నాడు. రెండిళ్లకీ దూలం ఒకటే. అయిదు నిమిషాల్లో ఆయన టీవీ వీధిలోకి వచ్చింది. పది నిమిషాల్లో మంచం వచ్చింది. తర్వాత ఆయన భార్య వచ్చి మంచం మీద కూర్చుని, పోయినేడాది సీలింగు చప్పుడు చేస్తోందని తను చెప్తే మొగుడు వినలేదని వచ్చేపోయేవాళ్లకి చెప్పడం మొదలుపెట్టింది.

"చప్పుడు ఎప్పుడు వచ్చేది పిన్నిగారూ" అని కోడలు అడిగింది.

"మధ్యాహ్నాలు. రెండు దాటాక."

"అదే టైములో మా అత్తయ్య కింద తైలం రాసుకుంటూ ఉంటుంది" అని కోడలు గుండె మీద చెయ్యేసుకుంది. "ఎంత గండం తప్పింది."

అత్తగారు కాళ్లు పీట మీంచి తీసి మళ్లీ పీట మీదే పెట్టుకుంది.

పది గంటలకి పాముల మనిషి గోనెసంచీ, కర్ర పట్టుకుని వచ్చాడు. అతని వెనకే మేస్త్రీ వచ్చాడు. ఇద్దరూ వెనక గదిలో మూత కింద నిలబడి పైకి చూశారు. ఉపసంపాదకుడు ఆ గదిలోనే తలుపు వెనకున్న నిచ్చెన తెచ్చి ఆనించాడు.

"ఎక్కండి" అన్నాడు మేస్త్రీతో.

"పాముంటే నేనెక్కను. ముందు ఆయన్ని ఎక్కమనండి."

"దూలం పుచ్చితే నేనెందుకు ఎక్కుతానండి" అన్నాడు పాముల మనిషి. "పాము కరిస్తే మందుంది. కప్పు నెత్తిన పడితే నాకెవరు మందిస్తారు. ముందు దూలం గట్టిదని ఆయన్ని చెప్పమనండి."

"ఎక్కకుండా ఎలా చెప్తాను."

"ఎక్కకుండా ఎలా పడతాను."

ఇద్దరూ న్యాయంగానే మాట్లాడుతున్నారు. అందుకే ఆ మాట తెగలేదు. పదింబావు దాటింది, పదిన్నర అయింది. ఉపసంపాదకుడి చొక్కా వీపుకి అతుక్కుపోయింది. అతను ముందుగదిలోకి వచ్చి అత్తగారి కుర్చీ పక్కన మోకాళ్ల మీద కూర్చుని చీటీ తీశాడు.

"పోనీ ఎక్కనివ్వకండి. ఇక్కడ సంతకం పెట్టండి చాలు. నేను చూశానని."

"మీరు చూడలేదు కదా."

"చూశానని రాసేశానండి."

"మీరు చూడటం నేను చూడలేదు. ఎలా పెట్టమంటారు. నేను కూడా పైకెళ్లినదాన్ని కాదాయె. నా మోకాళ్ల సంగతి మీకు తెలీనిదా."

అతను చీటీని ఆవిడ ఒళ్లో పెట్టాడు. "అత్తయ్యగారూ, చూడకుండా రాసినట్టు తేలితే ఇవాళ నా ఉద్యోగం పోతుంది. ఈ పని తప్ప నాకింకేం చేతకాదండి. చేయాలనీ లేదు. మీ అమ్మాయికి ఇంకా చెప్పలేదు."

అత్తగారు మొదటిసారి అతన్ని తేరిపార చూసింది. ఆవిడ మొహంలో జాలి కనిపించింది. కానీ చూపు మాత్రం వెనక గది తలుపు దాకా వెళ్లి, అక్కడే ఆగిపోయింది. ఏదో అనబోయింది. అంతలో వీధిలో కారు ఆగింది.

ప్రధాన సంపాదకురాలు పావుగంట ముందే వచ్చింది. గంజి పెట్టిన తెల్ల నూలుచీర, భుజాన సంచీ, చేతిలో కలం. టీవీని, మంచాన్ని, మంచం మీది మనిషిని దాటుకుని లోపలికి వచ్చి, వెనక గదిలో నిచ్చెన పక్కనే నిలబడ్డ ఇద్దరినీ చూసింది.

"వీళ్లెవరు."

"పైన పాముందని ఒకరు, దూలం పుచ్చిందని ఒకరు వచ్చారు మేడమ్" అన్నాడు ఉపసంపాదకుడు. "ఇవాళ ఎక్కడం కష్టమేమో. వచ్చే వారం అయితే..."

"నువ్వు ఎక్కినప్పుడు పాముందా."

"లేదు మేడమ్."

"దూలం విరిగిందా."

"లేదు మేడమ్."

"అయితే భయమెందుకు. దారి తెలిసినవాడివి, ముందు నువ్వే ఎక్కు."

అబద్ధానికి అంత చక్కని దారి వేసి పెట్టుకున్నందుకు ఉపసంపాదకుడు తనని తానే తిట్టుకున్నాడు. నిచ్చెన మొదటి మెట్టు మీద కాలు పెట్టాడు. ఎవరో చొక్కా అంచు పట్టుకుని లాగారు. అత్తగారు. మోకాళ్ల నొప్పులతో ముందుగదిలోంచి అంత తొందరగా ఎలా వచ్చిందో ఎవరూ గమనించలేదు.

"అల్లుడుగారూ" అంది అతనికి మాత్రమే వినిపించేలా. "పైన ఏం కనబడినా పైనే ఉంచండి."

అతను ఎక్కాడు. మూత బిగుసుకుపోయి ఉంటుందనుకుని బలంగా తోశాడు. అది నూనె రాసినట్టు మెత్తగా పక్కకి జరిగింది. కళ్లు మూసుకుని తల లోపలికి పెట్టాడు. పాము కరవలేదు. దూలం మీద చెయ్యి పెట్టాడు, పిండి రాలలేదు. ఒక్క ఊపున పైకెక్కి కూర్చుని కళ్లు తెరిచాడు.

శుభ్రంగా ఊడ్చిన చెక్క నేల. పరిచిన చాప, మీద దుప్పటి, రెండు దిళ్లు. ఒక టేబుల్ ఫ్యాను. వారపత్రికల దొంతర. బిస్కెట్ల డబ్బా. కోడలు నెల రోజులు ఇల్లంతా వెతికిన పెద్ద టార్చి. వీధి వైపు వాలుకప్పులో చిన్న కిటికీ ఒకటి ఉంది. దాని ముందు కూర్చుంటే వీధి మొత్తం కనిపిస్తోంది, పోస్టుమాస్టరు మంచంతో సహా. గోడ పక్కన, వరసగా, మోకాళ్ల తైలం సీసాలు తొమ్మిది. ఒక్కదానికీ సీలు తీసి లేదు.

ఉపసంపాదకుడు అలాగే కూర్చుండిపోయాడు. చాప మీద దుప్పటి ఒక మనిషి పడుకునే మేరకి నలిగి ఉంది. నలభై ఏళ్లుగా అందరికీ వండి, అందరి బట్టలూ మడతపెట్టి, ఆ ఇంట్లో తనదంటూ తలుపు గడియ వేసుకునే చోటు లేని మనిషి ఇక్కడ రోజుకి రెండు గంటలు సంపాదించుకుంది. దానికి మోకాళ్లు రెండూ అప్పుగా వాడుకుంది.

"చెప్పు, రాసుకుంటున్నాను" అంది కింద నుంచి ప్రధాన సంపాదకురాలు. "ఎత్తెంత."

"మధ్యలో నిలబడచ్చు మేడమ్. అంచుల్లో కూర్చోవాలి."

"వెలుతురు."

"చిన్న కిటికీ ఉంది."

"పాము."

"లేదు మేడమ్. వెళ్లిపోయినట్టుంది."

"దూలం."

"రాయిలా ఉంది."

మేస్త్రీ పాముల మనిషి వంక గెలిచినట్టు చూశాడు. ఎందుకు గెలిచాడో అతనికీ తెలీదు.

"ఇప్పుడు అసలు సంగతి. పాత సామాను పడేసుకునే చోటా, మనుషులు వాడే చోటా. నీ చీటీలో మనుషులు వాడరని ఉంది. వాడిన ఆనవాళ్లున్నాయా. చూసి చెప్పు."

అతను మూతలోంచి కిందికి చూశాడు. కోడలు ఫోను పైకెత్తి పట్టుకుంది, అందులో బావమరిది ఉన్నాడు. గుమ్మంలో పక్కింటివాళ్లున్నారు. అత్తగారు పైకి చూడటం లేదు. నేల వంక చూస్తోంది. తొమ్మిదేళ్లలో ఆవిడ తల దించుకోవడం అతను చూడటం అదే మొదలు.

ఉన్నది ఉన్నట్టు చెప్తే చీటీ తప్పవుతుంది, చూడలేదని తేలుతుంది, ఆవిడ చాప రేపటికల్లా కిందికి దిగుతుంది. చెప్పకపోతే ఏ పనిని ప్రాణంగా చేస్తున్నాడో ఆ పనికే ద్రోహం చేసినవాడవుతాడు. చూడకుండా రాసినప్పుడు అతనికి ఇంత బాధ కలగలేదు. ఇప్పుడు చూస్తూ చూస్తూ చెప్పాలి.

"పాత సామాను మేడమ్" అన్నాడు. "దుమ్ము. సాలెగూళ్లు. మనుషులు వచ్చిన ఆనవాళ్లేమీ లేవు."

దిగి వచ్చాడు. అత్తగారు తలెత్తింది. ప్రధాన సంపాదకురాలు కలం మూసి అతని దగ్గరికి వచ్చింది. అతని తెల్ల చొక్కా భుజం మీద చూపుడువేలు ఒకసారి రాసి, ఆ వేలిని కళ్లద్దాల దగ్గరికి తెచ్చుకుని చూసుకుంది. వేలు ఎంత తెల్లగా వెళ్లిందో అంత తెల్లగా వచ్చింది. అతను అప్పుడు తన చొక్కా చూసుకున్నాడు, మచ్చ లేదు.

ఆవిడ సంచీ అతని చేతికిచ్చింది, చెప్పులు విడిచింది, చీర కుచ్చిళ్లు కాస్త ఎత్తి దోపుకుని నిచ్చెనెక్కింది. ఎవరూ ఆపలేకపోయారు. కాళ్లు కూడా మూతలోకి వెళ్లిపోయాయి. మూత మూసుకుంది.

అయిదు నిమిషాలు గడిచాయి. పది గడిచాయి. పైనుంచి సన్నగా ఒక రొద మొదలైంది.

"ఏంటా చప్పుడు" అంది కోడలు.

"పాము బుస" అంది అత్తగారు వెంటనే.

పాముల మనిషి తల అడ్డంగా ఊపాడు. "పాము ఇంతసేపు ఊపిరి తీసుకోకుండా బుస కొట్టదమ్మా. ఇరవై ఏళ్లుగా పడుతున్నాను."

"దూలం గట్టిదేనని తేలింది కదా" అన్నాడు మేస్త్రీ. "ఇక నీ వంతు. ఎక్కు."

"పైన ఆఫీసరమ్మ ఉంది. ఆవిడ దిగాక చూద్దాం."

పోస్టుమాస్టరు భార్య గడప దాకా వచ్చి, పైకెళ్లినావిడకి ఏమైనా అయిందేమో కేకెయ్యమంది. కోడలు కేకేసింది. జవాబు రాలేదు. రొద మాత్రం ఆగకుండా వస్తోంది. ఉపసంపాదకుడు గోడకి ఆనుకుని సంచీ గుండెకి హత్తుకుని నిలబడ్డాడు. ఆ సంచీలోనే తన ఉత్తర్వు ఉందేమో, సంతకం లేకుండా చింపడానికే తెచ్చిందేమో అనుకున్నాడు. భార్యకి ఏమని మొదలుపెట్టాలో నాలుగు రకాలుగా అనుకుని చూశాడు. నాలుగూ బాగోలేవు. అత్తగారు ఆ గదిలోనే, అతనికి రెండడుగుల దూరంలో, కుర్చీ కూడా అడక్కుండా నిలబడి ఉంది. మోకాళ్లు ఎవరికీ గుర్తు రాలేదు, ఆవిడకి కూడా.

పన్నెండుకి పది నిమిషాలుందనగా రొద ఆగింది. మూత తెరుచుకుంది. ప్రధాన సంపాదకురాలు ఒక్కొక్క మెట్టే దిగింది. గంజి చీర మీద ఒక్క మరక లేదు. జుట్టు ఒకవైపు మాత్రం దిండు మీద పెట్టినట్టు అణిగి ఉంది.

"దుమ్ము" అంది అందరి వంకా చూసి. "చాలా దుమ్ము. సాలెగూళ్లు. మనుషులు మసిలే చోటు కాదు."

చీటీ తీసుకుని గోడకి ఆనించి, సాక్షి గడిలో తన సంతకమే పెట్టి, తిరిగి అల్లుడి చేతికిచ్చింది. ముప్పై ఏళ్లుగా ఆవిడ చేతి కింద ఎన్ని వేల చీటీలు వెళ్లాయో, అందులో అబద్ధం ఇదొక్కటేనని ఉపసంపాదకుడు ప్రమాణం చేసి చెప్పగలడు.

ఆవిడ కోడలి వైపు తిరిగింది. "మీ అత్తగారితో కాస్త మాట్లాడాలమ్మా. మోకాళ్ల విషయం." ఇద్దరూ లోపల ఉండిపోయారు, మిగిలినవాళ్లు బయటికి నడిచారు, గడియ పడింది. పావుగంట దాకా తియ్యలేదు. ఆ పావుగంటలో మేస్త్రీ, పాముల మనిషి ఒకరి నెంబరు ఒకరు తీసుకుని వెళ్లిపోయారు. పోస్టుమాస్టరు టీవీ లోపలికి వెళ్లింది. మంచం వెళ్లలేదు, ఆయన భార్య దాని మీంచి లేవలేదు.

కారు దాకా సంచీ మోసుకుంటూ వెళ్లాడు ఉపసంపాదకుడు. ప్రధాన సంపాదకురాలు తలుపు పట్టుకుని ఆగింది.

"చూడకుండా రాశావు."

"అవును మేడమ్."

"దానికి నిన్ను తీసెయ్యాలి."

"అవును మేడమ్."

"ఇవాళ చూసి కూడా రాయలేదు." ఆవిడ సంచీ అందుకుంది. "దానికి ఉంచుతున్నాను. సాయంత్రం వచ్చి ఉత్తర్వు తీసుకో. ఇంకోసారి మొదటిది చేస్తే రెండోది నిన్ను కాపాడదు."

అతనికి కళ్లు చెమర్చాయి. చెయ్యెత్తి నమస్కారం పెట్టబోతే ఆవిడ విసుక్కుంది.

"మా ఇంట్లో పదకొండు మందిమి" అంది ఆవిడ, ఎవరికీ కానట్టు. "నాకో గది ఉంది. దాంట్లోకే అందరూ వస్తారు." తర్వాత గొంతు మామూలు చేసుకుంది. "ఆ మాట అర్థం ఇంకా తేలలేదు. సామాను చోటా, మనిషి చోటా అన్నది ఒకసారి చూస్తే తేలేది కాదు. మంగళ, శుక్రవారాలు రెండు నుంచి నాలుగు దాకా ఇక్కడ పరిశీలనలో ఉంటాను. ఆవిడ మోకాళ్లకి నాకు తెలిసిన వైద్యమొకటి ఉందని ఇంట్లో చెప్పాం. ఆఫీసులో ఎవరైనా అడిగితే మాట పుట్టుక వెతుకుతున్నానని చెప్పు."

కారు వెళ్లిపోయాక అతను వెనక్కి తిరిగాడు. అత్తగారు గుమ్మంలో నిలబడి ఉంది. చుట్టూ చూసుకుని, కోడలు వంటింట్లో ఉందని ఖాయం చేసుకుని, చీటీ అడిగి తీసుకుంది. సాక్షి సంతకం కింద ఖాళీ ఉన్న చోట తన పేరు కూడా రాసింది.

"భోంచేసి వెళ్లండి అల్లుడుగారూ" అంది. "మీ ఉద్యోగం మంచిదే."

ఇది జరిగి ఏడాదిన్నర దాటింది. బీ నుంచి ఎఫ్ దాకా సంపుటాలు అచ్చయి బజారులోకి వచ్చాయి. ‘ఏ’ అక్షరం సంపుటం మాత్రం ఇంకా పరిశీలనలో ఉంది.